అమ్మానాన్నలు కలిపిన రంగు

పోయిన వారం మా స్టూడియోకి ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, ఫొటో కావాలి. నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి తీసి కంప్యూటర్ మీద చూపిస్తున్నాను. తల్లి నా భుజం మీదుగా వంగి, అమ్మాయికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, కానీ చక్కగా వినపడేటట్టే, "భాయ్, మొహం కాస్త తెల్లగా చెయ్యి. మరీ ఎక్కువొద్దు, చూసినోళ్లకి అనుమానం రాకుండా" అంది.

ఇదేం నాకు కొత్త కాదు. అద్దంకిలో ఈ కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఎన్ని మొహాలు తెల్లబరిచానో నాకే తెలియదు. ఎండలో మిరపకాయలు కోసి కోసి కమిలిపోయిన పిల్లల్ని నీడపట్టున పెరిగిన పిల్లలుగా చేసి పంపించాను. ఎవరూ కాదనలేదు, సంబంధం కుదిరాక కొందరు మిఠాయి కూడా తెచ్చిపెట్టారు. అలాంటివాణ్ణి, ఆ రోజు మౌసు మీద చెయ్యి ఆపేసి అన్నాను:

"అమ్మా, ఈ రంగు మీరూ మీ ఆయనా కష్టపడి కలిపింది. దాన్ని నన్ను ఒక్క నొక్కుతో తుడిచెయ్యమంటే ఎలాగమ్మా?"

ఆమె బిత్తరపోయి చూసింది. అమ్మాయి మాత్రం చున్నీ అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. చివరికి ఫొటో ఉన్నదున్నట్టే పట్టుకెళ్లారు. వాళ్లు వెళ్లాక నాకూ నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. కిందటి చలికాలం బర్మింగ్‌హామ్‌లో కన్నుమూసిన ఒకావిడది. అడక్కుండా వాడేసుకున్నాను.

ఆవిడ మొదటిసారి మా కొట్టు మెట్లెక్కిన రోజు నాకు బాగా గుర్తు. అరవై దగ్గర పడ్డ మనిషి. మంచి నలుపు, మంచి పొడుగు. జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా పైకి లేచి, సగం నెరిసి ఉంది. చేనేత చీర కట్టుకుని కాళ్లకి బూట్లు వేసుకుంది. గుంటూరు వైపు కాలేజీల్లో ఆఫ్రికా పిల్లలు చదువుకుంటున్నారు కదా, వాళ్ల తాలూకు టీచరేమో అనుకున్నాను. నాకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని "ఎస్ మేడమ్, ఫొటో?" అన్నాను.

"ఫొటోకే వచ్చాలే గానీ, ముందు కాసిని మంచినీళ్లియ్యబ్బాయ్. బస్సులో నిలబడి వచ్చా, నాలిక పిడచకట్టుకుపోయింది" అంది.

ఆ మనిషికీ ఆ మాటకీ పొంతన కుదరడానికి నాకు కాసేపు పట్టింది. ఆ తెలుగు ఇప్పటి మా బజారు తెలుగు కూడా కాదు, మా నాయనమ్మ తెలుగు. మాపిటేళ, పెందలాడే, ఎచ్చులు పోమాక, ఇట్టాంటి మాటలు. తర్వాత తెలిసింది, ఆవిడ తల్లి ఇక్కడి పల్లెలో పుట్టి, మిషను ఆస్పత్రిలో నర్సు చదువు చదివి, పడుచు వయసులోనే ఇంగ్లండు వెళ్లింది. అక్కడ బస్సు నడిపే ఒకతన్ని పెళ్లి చేసుకుంది. ఆయన వెస్టిండీస్‌లోని బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. ఈవిడ పుట్టిందీ, పెరిగిందీ, తండ్రిలాగే సిటీ బస్సు నడిపి రిటైరయిందీ, అంతా బర్మింగ్‌హామ్‌లోనే. తల్లి తీసుకెళ్లిన తెలుగు మాత్రం ఆ వంటింట్లో అలాగే ఉండిపోయింది. దానికి కాలం తగల్లేదు.

ఫొటో తీశాను. అలవాటు కొద్దీ, అడగకుండానే, రెండు నొక్కులు నొక్కి మొహం తెల్లబరిచి ప్రింటు చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఎవురయ్యా ఈమె?"

"మీరేనండి."

"నేనా! నేను ఇంత తెల్లగా ఉంటే ఇస్కూల్లో నన్నెవురూ కొట్టేవోళ్లే కాదుగా!" అని పకపకా నవ్వింది. నవ్వు అయిపోయాక ఫొటో బల్ల మీద పెట్టి, ఇందాక చెప్పానే, ఆ మాట అంది. "ఈ రంగు మా అమ్మా నాన్నా కష్టపడి కలిపిందయ్యా. అక్కడ దీన్ని తుడవాలని శానామంది చూశారు. నువ్వు ఒక్క నొక్కుతో తుడిచేస్తే ఎట్టా?" కోపంగా కాదు, తమ్ముడికి చెప్పినట్టు చెప్పింది. మళ్లీ తీసిచ్చాను. ఆ రోజు నుంచి నేను ఆవిడకి తమ్ముణ్ణి, ఆవిడ నాకు అక్క.

మా కొట్టు పైన ఒక గది ఖాళీగా ఉంటే అందులోనే దిగింది. ఆ తర్వాత ఏటా మిరపకాయ కోతల ముందు వచ్చేది, ఎండలు ముదరగానే వెళ్లేది. నాలుగు సీజన్లు అలా గడిచాయి.

ఆవిడ బజారులో నడుస్తుంటే చూడాలి. ఎవరైనా కాలు తొక్కితే ఆవిడే "సారీ" అనేది. తొక్కినవాడు వెళ్లిపోయాక కూడా ఇంకోసారి అనేది. టీ కొట్టు దగ్గర కూడా లైనులో నిలబడేది. లైను అంటే ఆవిడ ఒక్కతే. ఆవిడ వెనకాల ఎవరూ ఉండరు, ముందు పదిమంది గుమిగూడి చేతులు చాస్తుంటారు. "అక్కా, ఇక్కడ అట్టా నిలబడితే రేపటికి కూడా టీ రాదు" అంటే, "రాకపోతే పోయె. మా దేశంలో మేం బాగా చేసే పని ఇదొక్కటే, దాన్ని కూడా మానేస్తే ఇంకేం మిగిలింది" అనేది. మా బజారు జనం ఆవిడకి 'నల్ల దొరసాని' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పిలిస్తే పలికేది కూడా. ఒకరోజు ఒక ఆటో కుర్రాడు "మేడమ్, నైజీరియానా?" అని అడిగాడు. ఈవిడ నడుం మీద చెయ్యేసి, "కాదయ్యా, మీ అమ్మమ్మోళ్ల పక్కూరు" అంది. వాడు ఆటో దిగి దణ్ణం పెట్టాడు.

ఇంగ్లండునుంచి ఎవరో వచ్చారంటే మావాళ్లు తెల్లతోలు ఊహించుకున్నారు. వచ్చి చూసి నిరాశపడ్డవాళ్లు చాలామంది. "లండన్ అంటే ఏమో అనుకున్నాం, మనకంటే నలుపుందే" అని ఆవిడ ముందే అనేవాళ్లు, తెలుగు రాదనుకుని. ఆవిడ వినేది, వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగేది, ఆ తర్వాత "ఔనమ్మా, కాస్త మాడింది" అనేది. వాళ్ల మొహాలు చూసి నేను కొట్టులో కూర్చుని కడుపుబ్బ నవ్వుకునేవాణ్ణి.

క్రికెట్ ఉన్న రోజు మాత్రం ఆవిడతో పెట్టుకోకూడదు. ఇండియా, ఇంగ్లండు ఆడుతుంటే టీ కొట్టు టీవీ ముందు అంతమంది మధ్య ఇంగ్లండు వికెట్ తీసిందని చప్పట్లు కొట్టేది. "ఏంటక్కా ఇది, మనోళ్లాట చూస్తూ?" అంటే "నీ మనోళ్లు వాళ్లు, నా మనోళ్లు వీళ్లు" అనేది. వాళ్లింట్లో మూడు జట్లంట. అమ్మది ఇండియా, నాన్నది వెస్టిండీస్, పిల్లది ఇంగ్లండు. ఏ రెండు జట్లు ఆడినా ఆ రాత్రి ఇంట్లో ఒకరికి అన్నం సయించేది కాదు, మూడో మనిషి ఇద్దరికీ వడ్డించేవాళ్లు.

మా ఇద్దరికీ స్నేహం కుదరడానికి ఇంకో కారణం ఉంది. మాది దూదేకుల కుటుంబం. మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడు. ముస్లిములమే, కానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. మసీదులో ఉర్దూ పెద్దలు మాకు భాష రాదని చిన్నచూపు చూస్తారు, బయటికొస్తే మిగతావాళ్లు మాకు తెలుగు వచ్చినందుకు ఆశ్చర్యపోతారు. ఒకరోజు బదిలీ మీద కొత్తగా వచ్చిన బ్యాంకు ఆఫీసరొకాయన ఫొటో దిగి, డబ్బులిస్తూ, "మీరు ముస్లిమ్స్ అయినా తెలుగు చాలా బాగా మాట్లాడతారండీ" అని మెచ్చుకున్నాడు. మంచి మనిషే, మంచికే అన్నాడు. నేనూ అలవాటుగా థాంక్సండి అన్నాను. ఆయన మెట్లు దిగాక చూస్తే, స్టూలు మీద కూర్చున్న అక్క కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతోంది.

"నీకూనా తమ్ముడూ? మీ తాతల కాడ నుంచీ ఈడే ఉండి కూడా నీకు తప్పలేదా?"

ఆ మధ్యాహ్నమే ఆవిడ తన కథలు చెప్పడం మొదలుపెట్టింది. అక్కడ ఆవిణ్ణి జీవితమంతా ఒకే ప్రశ్న అడిగారంట. యాడదానివి? బర్మింగ్‌హామ్. అది కాదు, అసలు యాడదానివి? ఆవిడ తను పుట్టిన ఆస్పత్రి పేరు, వార్డు ఏ అంతస్తులో ఉందో కూడా చెప్పేది. అయినా వదిలేవాళ్లు కాదంట. "బస్సు ఎక్కేటప్పుడు అడిగినోడు, వాడి స్టాపు వచ్చిందాకా అడుగుతానే ఉండేవోడు."

చిన్నప్పుడు వాళ్ల వీధిలో తిట్టేవాళ్లకి కూడా ఈవిడ దగ్గర తికమకగా ఉండేదంట. ఇండియావాళ్లకో తిట్టు, నల్లవాళ్లకో తిట్టు వాళ్ల దగ్గర తయారుగా ఉండేవి. ఒకడు మొహం చూసి మొదటి తిట్టు ఎత్తుకుని, మధ్యలో జుట్టు చూసి రెండో తిట్టుకి మారేవాడు. ఆవిడ దాన్ని నటించి చూపించేది. మా ఆవిడ కూడా వచ్చి నవ్వేది. నాకు మాత్రం నవ్వుతూ నవ్వుతూనే ఆ వీధిలో స్కూలు సంచీతో నిలబడ్డ ఆడపిల్ల కనపడేది. తండ్రి వైపు పిల్లలు నీ దగ్గర కూర వాసనొస్తోందని ఆటకి రానిచ్చేవాళ్లు కాదంట. గుజరాతీవాళ్ల కొట్టుకి వెళితే ఈ జుట్టుకి దువ్వెన మా దగ్గర లేదనేవాళ్లంట. అక్కడ ఏ కాగితం నింపినా నువ్వే జాతి అని గళ్లుంటాయి, ఈవిడ దేంట్లోనూ ఇమడదు, అడుగున 'ఇతరులు' అని ఒక గడి ఉంటుంది. "పుట్టిన కాడ నుంచీ నేను ఇతరులే" అనేది.

అలాగని ఆ దేశాన్ని మనం ఒక మాట అనడానికి లేదు. ఒకసారి నేను ఆవేశపడి "ఆ తెల్లోళ్లంతా అంతే అక్కా" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది.

"తిట్టాలంటే నేను తిడతా. అది నా దేశం. నువ్వు తిట్టమాక."

ఆపైన తన్ను పెంచిన పక్కింటి తెల్ల ముసలావిడ సంగతి చెప్పింది. అమ్మ నైటు డ్యూటీకి వెళితే ఆ ముసలావిడే అన్నం పెట్టి, జుట్టు దువ్వలేక నానా అవస్థా పడి, చివరికి టోపీ పెట్టి స్కూలుకి పంపేదంట. ఎవడైనా ఈ పిల్ల ఎక్కడిదని అడిగితే, ఆ ముసలావిడ గేటు దగ్గరికొచ్చి "ఆ పిల్ల మాది" అని కసిరేది. అడిగినవాడు ఇంక నోరెత్తేవాడు కాదు. "నేను గొంతు చించుకుని చెప్పినా నమ్మనోళ్లు, ఆమె ఒక్క మాటంటే నమ్మేవోళ్లు. నేను యాడదాన్నో నేను చెప్పుకుంటే చెల్లదు తమ్ముడూ, ఇంకొకరు చెప్పాల. అదీ నా తలరాత" అంది.

ఆవిడ ఏటా అంత దూరం నుంచి ఎందుకొచ్చేదో నాకు ఆ రోజే అర్థమైంది.

అద్దంకికి దగ్గర్లోనే ఒక ఊరి పల్లెలో, అంటే ఊరికి ఎడంగా ఉన్న దళితవాడలో, ఆవిడ మేనమామ ఉన్నాడు. తల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి ఇంగ్లండు వెళ్లేటప్పటికి మీసం రాని పిల్లవాడు, అక్క చంకలో పెరిగినవాడు. ఆమె అక్కడ నల్లతన్ని చేసుకుందని ఉత్తరం వచ్చిన రోజు వీళ్ల తాత "తెల్లదొరల దేశం పోయి నల్లోణ్ణి చేసుకుందా" అని చావింట్లోలాగా పొయ్యి ఆర్పేశాడంట. ఇంట్లో ఆమె పేరెత్తకూడదన్నాడు. తాత పోయాడు, అమ్మమ్మ పోయింది, ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. పల్లెవాళ్లని ఊరు దూరం పెట్టింది, టీ కొట్టులో వాళ్ల గ్లాసు వేరుగా ఉంచింది. ఆ గ్లాసుతో టీ తాగినవాళ్లే తమ ఆడపిల్లని మొగుడి రంగు చూసి దూరం పెట్టారు. మనుషులు ఇలా ఎందుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు. నా కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం కాస్త తెలిసినట్టుంటుంది.

తల్లి చనిపోయే ముందు అడిగింది ఒక్కటేనంట. "మా తమ్ముడు నా పేరు పలుకుతున్నాడేమో ఒకసారి చూసిరా." ఆమె పేరు సువార్తమ్మ.

మొదటి ఏడు ఆవిడ వెళ్లి గుమ్మం ముందు నిలబడి "మావయ్యా, నేను ఫలానా" అని చెబితే, పెద్దాయన మంచం మీద నుంచి లేవకుండా "సరే, కూచో" అన్నాడు. కాఫీ ఇప్పించాడు. ఆ పైన మాట్లాడలేదు. కొడుకూ కోడలూ మంచివాళ్లే గానీ ఆయన ముందు నోరు మెదపరు. అయినా ఈవిడ మర్నాడు వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. కళ్లంలో మిరపకాయలు ఎండబోసి ఉంటే ఆడకూలీల పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చుని, రంగు తప్పిన తాలు కాయలు ఏరడం నేర్చుకుంది. పక్కనున్నవాళ్లు ఊరుకుంటారా? "అమ్మాయ్, నువ్వెవరి తాలూకు?" అని అడిగారు. ఈవిడ గట్టు మీద నిలబడ్డ మేనమామ వైపు చూసింది. ఆయన చెప్పిందిదీ: "ఎవరో లండనావిడ. మిషను తాలూకు. చూసిపోను వచ్చింది."

ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చుని ఆ మాట నాకు చెప్పి, "తమ్ముడూ, ఇక్కడ కూడా ఇతరులేనయ్యా" అంది. నాకు తెలిసి ఆవిడ తన బాధని నవ్వకుండా చెప్పింది ఆ ఒక్కసారే. నేను టీ తెప్పించాను.

మూడో ఏడు మాఘమాసంలో పట్టపగలు మబ్బు పట్టింది. మిరపకాయ కళ్లాల్లో ఉన్నప్పుడు వాన పడితే రైతు బతుకేమవుతుందో ఇక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. నేను కొట్టు ముందు ఫ్లెక్సీలు లోపలికి లాక్కుంటున్నాను, అక్క ఆ ఊళ్లోనే ఉంది. పొద్దు వాలే వేళకి ఆటో దిగింది. చీర మోకాళ్ల దాకా బురద, జుట్టంతా మెడకి అంటుకుపోయింది, రెండు చేతులూ ముందుకి చాపి, మంటకి ఎగురుతూ, నవ్వుతూ వస్తోంది. తడిసిన మిరపకాయల్ని వట్టి చేతుల్తో ఎత్తింది మరి. మా ఆవిడ పరిగెత్తుకెళ్లి పెరుగు గిన్నె తెచ్చి ఆ చేతులకి పట్టించింది.

"తమ్ముడూ! నన్ను తిట్టాడు! మావయ్య నన్ను తిట్టాడు!"

"ఏమని?"

"'ఒసేయ్, దిక్కులు చూస్తావేందే, ఆ పట్టా కొస పట్టుకో' అన్నాడు! ఒసేయ్ అన్నాడయ్యా!"

లండనావిణ్ణి ఎవరూ ఒసేయ్ అనరు. మిషను తాలూకు మనిషిని అసలే అనరు. ఇంట్లో ఆడపిల్లని అంటారు. వాన తొందర్లో ఆయన నోటినుంచి అది జారిపడింది, ఆవిడ దాన్ని పట్టుకుని ఆటో ఎక్కి తెచ్చుకుంది. పెరుగు రాస్తున్న మా ఆవిడ ఏడుస్తోంది, ఈవిడేమో "అబ్బా, మంట" అంటూ నవ్వుతోంది. మర్నాడు మాత్రం పెద్దాయన మళ్లీ మామూలే. కాఫీ ఇప్పించి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నాలుగో ఏడు ఆయన మనవరాలి పెళ్లి. కొడుకు కూతురు. ఫొటోలు నాకే అప్పజెప్పారు. పొద్దున చర్చిలో పెళ్లయింది, మధ్యాహ్నం ఇంటి ముందు షామియానాలో వేదిక వేసి వధూవరుల్ని కూర్చోబెట్టారు. పిలిచినవాళ్లలో అక్క కూడా ఉంది. నీలం పట్టుచీర కట్టుకుని చివరి వరసలో, కానుక పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పెళ్లి ఫొటోలు తీసేవాడికి కెమెరా కంటే వరసలు బాగా తెలియాలి. ఎవరి తర్వాత ఎవర్ని పిలవాలో, ఎవర్ని ఎవరి పక్కన నిలబెట్టాలో, ఎవర్ని మర్చిపోతే పదేళ్లు మాటలుండవో, అన్నీ నేనే చూసుకోవాలి. అమ్మానాన్నల్ని పిలిచాను. తాతయ్యని పిలిచాను. పెద్దాయన మనవరాలి పక్కన నిలబడి దిగి, మోకాళ్ల నొప్పికి వేదిక అంచున కుర్చీలోనే కూర్చుండిపోయాడు. మేనత్తలు వచ్చారు, మేనమామలు వచ్చారు. తర్వాత "పెద్దమ్మలూ పిన్నులూ రావాలి" అని కేకేశాను.

కేకేస్తూనే నా మనసులో లెక్క కుదిరింది. అక్క ఆ పెళ్లికూతురి తండ్రికి మేనత్త కూతురు. వయసులో పెద్దది, అంటే వదిన. తండ్రికి వదిన అయితే పిల్లకి పెద్దమ్మే. చీరలు సర్దుకుంటూ ఆడవాళ్లు వేదికెక్కుతున్నారు. నేను చివరి వరస వైపు చూశాను. అక్క వేదిక వైపే చూస్తోంది, లేవలేదు. తన పేరు రాని చోట నిలబడే మనిషి కాదు. నేను పిలవచ్చు, పేరు నోటి దాకా వచ్చింది. కానీ డబ్బులిచ్చి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ పిలిస్తే అదేం పిలుపు? ఆ మాట నాది కాదు. కెమెరా కంటికి ఆనించుకున్నాను. ఆనించుకున్నానే గానీ నొక్కలేకపోయాను. లైటు సరిగా లేదని ఒకసారి, ఆ చివరామె పక్కకి జరగాలని ఒకసారి, ఊరికే సాగదీస్తున్నాను.

"ఆగు భాయ్" అన్నాడు పెద్దాయన.

కర్ర ఊతంగా లేచాడు. కొడుకు పట్టుకోబోతే విదిలించుకున్నాడు. వేదిక దిగి, కుర్చీల మధ్య దారిలో, ఎవర్నీ చూడకుండా నడుచుకుంటూ చివరి వరస దాకా వెళ్లాడు. తింటున్నవాళ్లు తినడం ఆపారు. ఆయన అక్క ముందు నిలబడి, "లేవ్వే" అన్నాడు. ఆవిడ లేవలేదు. ఆయన వంగి మణికట్టు పట్టుకుని లేపాడు. కానుక పొట్లం కింద పడిపోయింది. అలా చెయ్యి పట్టుకునే అంత దారీ తీసుకొచ్చి, వేదిక మీద పెళ్లికూతురి భుజం పక్కన, అందరికంటే ముందు నిలబెట్టాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఏం భాయ్, ఇన్ని పెళ్లిళ్లు తీశావ్, నీకు కళ్లు కనపడవా? మా సువార్తక్క కూతుర్ని ఆడ కూచోబెట్టి ఈడ ఫొటో తీస్తావా?"

ముందు వరసలో ఒక ముసలామె ఆ పేరు విని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కోపమంతా నా మీదే. ఇన్నేళ్ల తప్పంతా ఆ నిమిషంలో నాదైపోయింది. పెళ్లిళ్లలో నేను చాలా తిట్లు తిన్నాను, ఒక్కదానికీ ఇంత సంతోషపడలేదు.

"తప్పయిపోయింది పెద్దాయనా" అన్నాను.

"ఇంకోసారి ఇట్టా చెయ్యమాక" అన్నాడు.

"చెయ్యనండి" అని కెమెరా ఎత్తి నొక్కాను. ఫొటోలో ఆడవాళ్లందరూ నన్ను చూస్తున్నారు. అక్క మాత్రం నోరు కొంచెం తెరుచుకుని మేనమామని చూస్తోంది, కళ్లనిండా నీళ్లు. ఫొటోగ్రాఫర్‌గా అది పనికిరాని ఫొటో. అందుకే పెద్దాయనకి కెమెరా వెనకాల తెరలో చూపించి, "అక్క ఇటు చూడలేదండి, ఇంకోటి తీస్తాను" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వద్దులే. అచ్చం మా అక్కే" అన్నాడు.